ప్లేస్కూల్లో మా బాబు "ఎవరితోనూ ఆడడట" – ఇంట్లో ఏం గమనించాలి, ఎలా రాసుకోవాలి?

మద్దిలపాలెం_అమ్మ రాశారు:

అందరికీ నమస్కారం. మా బాబుకి మూడేళ్ల అయిదు నెలలు. జూన్‌లో ఇంటికి దగ్గర్లో ఉన్న ప్లేస్కూల్లో వేశాం. శనివారం పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్తే మేడమ్ ఒకటే మాట చెప్పారు. "మీవాడు ఎవరితోనూ కలవడండీ. ఒక్కడే మూలన కూర్చుంటాడు. పిలిస్తే పలకడు. ఒకసారి ఎక్కడైనా చూపించండి." ఏం చూపించాలి, ఎవరికి చూపించాలి అనడిగితే "అది మీ ఇష్టమండీ" అన్నారు.

అప్పట్నుంచీ ఇంట్లో రెండు పార్టీలు. మా ఆయన రాత్రంతా నెట్‌లో చదివి పొద్దున్నే నాకు టెన్షన్ అంటించారు. మా అత్తగారేమో "వాళ్ల నాన్న నాలుగేళ్లొచ్చేదాకా ఎవరి మొహమూ చూసేవాడు కాదు, ఇప్పుడు రోజంతా ఫోన్లో వాగట్లేదూ" అని కొట్టిపడేస్తున్నారు.

నాకు కనిపించేది ఇదీ. ఇంట్లో బాగానే మాట్లాడతాడు. లక్కపిడతలు, ఏటికొప్పాక బొమ్మలు అన్నీ తెచ్చి సోఫా పొడుగునా వరుసగా పేరుస్తాడు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పిల్లలు ఆడుతుంటే స్తంభం పక్కన నిలబడి చూస్తాడు, వాళ్లలోకి వెళ్లడు. వీటిలో దేన్ని పట్టించుకోవాలి, దేన్ని వదిలేయాలి? గమనించమని అందరూ అంటారు గానీ గమనించడమంటే ఏం చేయాలో ఎవరూ చెప్పరు.

సీతమ్మధార_నాన్న రాశారు:

భయపెట్టడానికి కాదండీ, ఉన్నది చెబుతున్నా. బొమ్మలు వరుసగా పేర్చడం, పిలిస్తే పలకకపోవడం, తోటి పిల్లలతో కలవకపోవడం, ఈ మూడూ కలిసి కనిపిస్తే ఆటిజం స్క్రీనింగ్ చేయించమని ఎక్కడ చూసినా ఉంటుంది. మా పాపకి మాటలు ఆలస్యమైనప్పుడు మాకు చెక్‌లిస్టే పనికొచ్చింది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ల జాబితాలో మూడేళ్లకి ఉండాల్సినవి చూడండి: పేరు అడిగితే చెప్పాలి, ఎవరు-ఏమిటి-ఎక్కడ అని ప్రశ్నలు వేయాలి, చూపిస్తే గుండ్రం గీయాలి, బయటివాళ్లకి కూడా మాట చాలావరకు అర్థం కావాలి, తోటి పిల్లలను గమనించి వాళ్ల ఆటలో చేరాలి. చివరిది మీవాడి విషయంలో లేనట్టే కదా. గమనిస్తూ కూర్చోవడం కన్నా ముందు అపాయింట్‌మెంట్ తీసుకోండి.

కంచరపాలెం_బాబాయ్ రాశారు:

సెల్లార్‌లో పిల్లలు ఏం ఆడుతున్నారో చెప్పలేదు తల్లీ. పన్నెండేళ్లవాళ్లు క్రికెట్ ఆడుతుంటే మాత్రం మీవాడిది మంచి బుద్ధే. నేనూ స్తంభం వెనకాలే నిలబడతాను.

మద్దిలపాలెం_అమ్మ రాశారు:

క్రికెట్టే బాబాయ్ గారూ 🙂 మిగతా సమయంలో సైకిళ్లు.

బాలవిద్య_మాస్టారు రాశారు:

అమ్మా, శిశు వికాసం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

"కలవడు" అన్నది ఆ మేడమ్ గారు చూసింది కాదు, చూసినదాని మీద ఇచ్చిన తీర్పు. దాన్ని పట్టుకుని మీరు ఏమీ చేయలేరు. రేపు వెళ్లి మర్యాదగా ఇవి అడగండి: ఒక్కడే కూర్చునేది ఏ టైములో? అప్పుడు మిగతా పిల్లలు ఏం చేస్తుంటారు? వాడి చేతిలో ఏముంటుంది? ఎటు చూస్తుంటాడు? పిలిచినప్పుడు పిలిచినవాళ్లు ముందున్నారా, వెనకున్నారా? ఏ భాషలో పిలిచారు? ముఖ్యంగా, పిల్లలు తమ ఇష్టం వచ్చినట్టు ఆడుకునే సమయం రోజులో ఎంత? ఆ సమయమే లేని చోట "ఆడడు" అనడానికి వీల్లేదు.

ఇంట్లో మీరు చేయాల్సింది చిన్నది. ఒక నోట్‌బుక్ తీసుకుని పేజీ మధ్యలో నిలువుగా గీత కొట్టండి. ఎడమ పక్క చూసింది, విన్నది. కుడి పక్క మీకు అనిపించింది. ఎడమ వైపు "సిగ్గుపడ్డాడు", "మొండికేశాడు", "బోర్ కొట్టింది" లాంటి మాటలు రానివ్వకండి. తల దించుకున్నాడు, బొమ్మను పడేశాడు, తలుపు దగ్గరికి వెళ్లాడు, అంతే. పిల్లాడి మాటలు వాడు అన్నది అన్నట్టే రాయండి, మీరు సరిదిద్దకండి. పది నిమిషాలు చాలు. కానీ ఒకే చోట, ఒకే టైములో చూస్తే ఒక్క పిల్లాడే కనిపిస్తాడు. పొద్దున ఇంట్లో, సాయంత్రం పార్కులో, ఒక్క పిల్లాడు తోడున్నప్పుడు, గుంపులో ఉన్నప్పుడు, ఇలా మార్చి చూడండి. కుడి పక్కది రాత్రి వాడు పడుకున్నాక నింపండి.

ఇక ఆట గురించి. మిల్డ్రెడ్ పార్టెన్ అనే అమెరికన్ పరిశోధకురాలు మిన్నెసోటా విశ్వవిద్యాలయం నర్సరీలో రెండు నుంచి అయిదేళ్లలోపు పిల్లల్ని, ఒక్కొక్కరిని ఒక్కో నిమిషం చొప్పున పదేపదే చూసి, 1932లో ఒక వ్యాసం వేసింది. పిల్లలు నలుగురిలో ఉండే తీరును ఆరు రకాలుగా విడగొట్టింది. ఏ పనీ లేకుండా అటూ ఇటూ తిరగడం, ఒంటరి ఆట, పక్కన నిలబడి చూడటం, పక్కపక్కనే కూర్చుని ఎవరి ఆట వాళ్లు ఆడుకోవడం, వస్తువులూ మాటలూ ఇచ్చిపుచ్చుకుంటూ ఆడటం, చివరికి "నువ్వు డాక్టరు, నేను పేషెంటు" అని పని పంచుకుని ఒక ఉద్దేశంతో ఆడటం. వయసుతోపాటు మొదటివి తగ్గి చివరివి పెరగడం ఆమె చూసింది. కోర్సు పుస్తకాలు దీన్ని మెట్ల వరుసలా అచ్చేసి చెడగొట్టాయి. నాలుగేళ్ల పిల్ల అద్భుతంగా గుంపులో ఆడి, పావుగంట తర్వాత ఒక్కతే కూర్చుని బ్లాకులు పేర్చుకుంటుంది. అది వెనక్కి జారడం కాదు.

మీరు ఒంటరితనం ఏ రకమో చూడాలి. పనిలో మునిగిపోయి ఒంటరిగా ఉన్నాడా? చేరాలని ఉండి అంచున తచ్చాడుతున్నాడా? వెళ్తే మిగతావాళ్లు తోసేస్తున్నారా? మూడూ దూరం నుంచి ఒకేలా ఉంటాయి. మొదటిదానికి ఏమీ చేయనక్కర్లేదు. రెండోదానికి చిన్న సాయం కావాలి. మూడోదానికి పని చేయాల్సింది పిల్లాడు కాదు, టీచరు.

ఉక్కునగరం_నానమ్మ రాశారు:

ఏటమ్మా, మూడేళ్ల గుంటడికి ఇన్ని పరీక్షలా! మా క్వార్టర్స్‌లో సాయంత్రమైతే పిల్లలంతా రోడ్డు మీదే. పెద్ద పిల్లలు దాగుడుమూతలాడితే చిన్నవాళ్లని "ఆటలో అరటిపండు" అని కలుపుకునేవాళ్లు, దొరికినా దొంగ కాదన్నమాట. అలా పక్కనే తిరిగి తిరిగి ఆట నేర్చేవారు. ఇప్పుడు అరటిపండుగా ఎవరు ఉండనిస్తున్నారు? అందరూ ఒకే వయసువాళ్లని ఒక గదిలో కూర్చోబెట్టి ఆడమంటే ఎవరు ఎవరికి నేర్పుతారు?

బాలవిద్య_మాస్టారు రాశారు:

నానమ్మగారూ, ఆటలో అరటిపండు గురించి మా పాఠంలో ఒక్క ముక్క లేదు. ఉండాల్సింది.

పెందుర్తి_అంగన్‌వాడీ రాశారు:

మాస్టారి నోట్‌బుక్ బాగుందండీ, కానీ మా సెంటర్లో ఒక చేత్తో కోడిగుడ్లు లెక్కపెడుతూ ఇంకో చేత్తో యాప్‌లో ఫొటోలు ఎక్కిస్తూ ఉంటాం, గీతలు కొట్టే తీరికెక్కడిది. నేను చేసేది ఇదీ: పాత క్యాలెండర్ కాగితాలు చింపి జాకెట్టులో పెట్టుకుంటాను. రోజుకి ఇద్దరే పిల్లలు. వాళ్ల గురించి ఒక్కో ముక్క రాసి, తేదీ వేసి, వాళ్ల కవర్లో పడేస్తాను. నెలాఖరుకి ఆ ముక్కలన్నీ నేల మీద పరిస్తే పిల్ల ఎక్కడుందో కనిపిస్తుంది.

పోయినేడాది ఒడిశా నుంచి పనికొచ్చినవాళ్ల పాప మా దగ్గర చేరింది, నాలుగో ఏడు. ఎవరితోనూ మాటల్లేవు. కిటికీ పట్టుకుని నిలబడేది. ఆయా "ఇది మూగదేమో మేడమ్" అనేసింది. నా కాగితాల్లో మాత్రం వేరే ఉంది. "మిగతావాళ్లు చేతులు కడుక్కోవడానికి లేస్తే తనూ లేచింది." "చాప మడత పెట్టమంటే మొదట పక్కపిల్లను చూసి తర్వాత మడిచింది." "ఒక్కతే ఉన్నప్పుడు బొమ్మతో వాళ్ల భాషలో మాట్లాడింది." అంటే చెవి ఉంది, నోరు ఉంది, తెలివి ఉంది, తెలుగు మాత్రం ఇంకా అందలేదు. కొత్త భాషలో పడ్డ పిల్లలు కొన్నాళ్లు నోరు మూసుకుని వినడం మామూలే. దసరా సెలవులయ్యాక ఒకరోజు మట్టిలో గుజ్జనగూళ్లు ఆడుతుంటే ఈ పిల్ల సీసా మూత తెచ్చి పొయ్యిలా పెట్టి, పక్కదానితో "గేస్ అయిపోనాది, మీ ఇంట్లో తే" అంది. మా పెందుర్తి యాసలో! ఆయా మొహం చూడాలి.

ఆ ఒక్క ఆటలో ఏమేం ఉన్నాయో చూడండి. మూతను పొయ్యి అనుకుంది, తను అమ్మయింది, లేని గ్యాస్ అయిపోయిందని ఊహించింది, పక్కపిల్లకు పని చెప్పింది, నలుగురికి నాలుగు ఆకులు వేసింది. పలక మీద నాలుగు రాయించి ఉంటే నాకు ఇందులో సగం కూడా తెలిసేది కాదు.

మద్దిలపాలెం అమ్మా, మీ స్కూల్లో ఇంగ్లీషులోనే మాట్లాడతారా?

స్పీచ్_థెరపీ_గాజువాక రాశారు:

సీతమ్మధార గారు చెప్పిన చెక్‌లిస్ట్ మంచిదే, కానీ అది దేనికో తెలుసుకుని వాడాలి. సీడీసీ ఆ జాబితాలను 2022లో సవరించింది. ఆ వయసుకి నూటికి 75 మంది, అంతకన్నా ఎక్కువ మంది పిల్లలు చేయగలిగేవే ఇప్పుడు అందులో ఉంచారు. కాబట్టి ఒకటి లేకపోతే "చూద్దాంలే" అని నెలలు గడపకూడదు, డాక్టర్‌తో మాట్లాడాలి. అలాగని ఒకటి లేకపోతే జబ్బు అనీ కాదు. మన దగ్గరే తిరువనంతపురంలో తయారైన స్క్రీనింగ్ చార్టు ఒకటుంది, పిల్లల డాక్టర్లు చాలామంది వాడతారు. ఏ చార్టయినా ఎవరిని ఇంకా వివరంగా చూడాలో చెబుతుంది, అంతవరకే.

వరుసగా పేర్చడం గురించి. పేర్చాక ఏం జరుగుతుందో అమ్మ రాయలేదు. ఎవరైనా ఒక బొమ్మ జరిపితే ఏడ్చి గోల చేసి మళ్లీ అదే చోట పెడతాడా? రోజూ అదే వరుసా? లేక ఆ వరుస ఇంకేదైనా అవుతుందా? అది తెలియకుండా నేనేమీ చెప్పను.

మద్దిలపాలెం_అమ్మ రాశారు:

మేడమ్, అది బస్సు! వెనక సీటు నుంచి ముందుకి పేరుస్తాడు. పేపరు చింపి ఒక్కో బొమ్మ ముందు టికెట్ పెడతాడు. "సింహాచలం, సింహాచలం, లోపలికి జరగండి, రైట్ రైట్" అంటాడు. నిన్న వాళ్ల తాత ఒక బొమ్మ తీసేస్తే "దిగిపోయాడా?" అనడిగి ఇంకోటి తెచ్చి కూర్చోబెట్టాడు. నేను ఇన్నాళ్లూ ఇది రాయదగ్గ విషయం అనుకోలేదు.

స్పీచ్_థెరపీ_గాజువాక రాశారు:

ఇది నిఖార్సయిన ఊహల ఆట. ఎడమ కాలమ్‌లో ఉన్నదున్నట్టు రాసిపెట్టుకోండి, డాక్టర్ దగ్గరికి వెళ్తే ఇదే చూపించండి. వీలైతే ఫోన్లో రెండు నిమిషాల వీడియో తీయండి, వాడికి తెలియకుండా. క్లినిక్‌లో కొత్త మొహాల మధ్య ఏ పిల్లాడూ బస్సు నడపడు.

డిప్లొమా_విద్యార్థిని రాశారు:

నేను ప్రీప్రైమరీ టీచర్ ట్రైనింగ్ చేస్తున్నాను. మాకూ ఒక బిడ్డను గమనించి ఫైల్ రాసే అసైన్‌మెంట్ ఉంది, అందుకే ఈ చర్చ మొత్తం చదివాను. నాకో ప్రాక్టికల్ సమస్య. పుస్తకం తీయగానే పిల్లలంతా "ఏం రాస్తన్నావక్కా, నా పేరు రాయి" అని మీద పడతారు. ఇంకోటి, మావాడు (నేను చూసే బాబు, నాలుగేళ్లు) ఇంకో అబ్బాయితో రోజూ కుస్తీ పడతాడు. ఇది కొట్లాట కింద రాయాలా, ఆట కింద రాయాలా?

బాలవిద్య_మాస్టారు రాశారు:

మొదటిదానికి మందు ఒకటే. పిల్లల ఎత్తులో కింద కూర్చో, అడిగినవాళ్లకి "మీరు ఏం ఆడుతున్నారో రాసుకుంటున్నా" అని నిజం చెప్పు, వాళ్లకీ ఓ కాగితం, క్రేయాన్ ఇవ్వు. కొన్నాళ్లకి నువ్వు వాళ్లకి బెంచీతో సమానం. ఆ తర్వాతే అసలు రాత మొదలవుతుంది, ముందు రాసినవి పక్కన పెట్టు.

రెండోదానికి మొహం చూడు. ఆటకుస్తీలో నోరు తెరిచి నవ్వుతూ ఉంటారు, దెబ్బ పూర్తిగా పడదు, పైన ఉన్నవాడు కాసేపటికి కిందికొస్తాడు, అయిపోయాక ఇద్దరూ కలిసే ఉంటారు. నిజం కొట్లాటలో పళ్లు బిగిస్తారు, అయిపోయాక విడిపోతారు, సాధారణంగా మధ్యలో ఏదో ఒక వస్తువు ఉంటుంది. మూడు చక్రాల సైకిలు ఒక్కటే ఉన్న స్కూల్లో రెండోది ఎక్కువ. ఇలాంటి వాటికి గడియారం పట్టుకుని రాయడం కన్నా, గొడవ జరిగినప్పుడల్లా ముందు ఏం జరిగింది, ఏం చేశారు, ఎలా ముగిసింది అని ఘటన వారీగా రాయడం మేలు.

మద్దిలపాలెం_అమ్మ రాశారు:

మాస్టారూ, మీరు చెప్పినవన్నీ స్కూల్లో అడిగాను. కొత్త టీచరమ్మ ఒకావిడ ఓపిగ్గా చెప్పింది. ఎక్కువసేపు బల్లల దగ్గర వర్క్‌షీట్లు. ఆట అంటే స్నాక్స్ అయ్యాక కాసేపు, అదీ చిన్న హాల్లో అందరూ కలిపి. చెప్పేదంతా ఇంగ్లీషులోనే. మూలన అంటే బొమ్మల అరమర పక్కనట. అక్కడే ఒక బస్సు ఉందట!

ఆదివారం ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లి మొదటిసారి ఎడమ కాలమ్ రాశాను. ఉన్నది ఉన్నట్టు పెడుతున్నా.

5.40 – తడి ఇసుకలో కూర్చున్నాడు. చేతిలో పెరుగు డబ్బా. కొంచెం దూరంలో వీడికంటే పెద్ద పాప, అయిదేళ్లుంటాయేమో, గొయ్యి తవ్వుతోంది.
5.42 – పాపను చూశాడు. డబ్బా పక్కన పెట్టి చేత్తో తవ్వడం మొదలుపెట్టాడు.
5.44 – పాప గొయ్యి చుట్టూ గవ్వలు గుచ్చింది. వీడు అటూ ఇటూ వెతికాడు. ఐస్‌క్రీమ్ పుల్ల దొరికింది, గుచ్చాడు.
5.46 – "నీళ్లొచ్చేత్తన్నాయి, బస్సు ఆపండి" అన్నాడు. ఎవరి వైపూ చూడలేదు.
5.47 – కూర్చున్నవాడు కూర్చున్నట్టే జరుగుతూ పాప గొయ్యి పక్కకి వచ్చాడు.
5.49 – పాప వెనక నుంచి "డబ్బా ఇవ్వు" అంది. కదల్లేదు. ముందుకొచ్చి మళ్లీ అడిగింది. పాప నోటి వైపు చూశాడు. ఇచ్చాడు.
5.51 – పాప నీళ్లు తెచ్చి రెండు గోతుల్లో పోసింది. ఇద్దరూ నవ్వారు. "బస్సు మునిగిపోయింది" అన్నాడు. పాప "ఇది బస్సు కాదు, సబ్‌మెరైన్" అంది.
5.52 – "సబ్‌మెరైనైతే మునగచ్చు" అన్నాడు. కలిసి తవ్వారు. చీకటి పడేదాకా.

కుడి కాలమ్ ఇంకా ఖాళీగానే ఉంది.

కంచరపాలెం_బాబాయ్ రాశారు:

కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం పక్కనే కూర్చుని బస్సంటే ఆ పాప ఒప్పుకుంటుందా మరి!

బాలవిద్య_మాస్టారు రాశారు:

అమ్మా, మా విద్యార్థులు కోర్సంతా అయ్యాక కూడా ఇంత శుభ్రంగా రాయరు. చూడటం, పక్కపక్కన ఆడటం, దగ్గరికి జరగడం, వస్తువు ఇవ్వడం, చివరికి ఒకే ఆట. అంతా పన్నెండు నిమిషాల్లో. 1980లో బేక్‌మన్, బ్రౌన్లీ అనే ఇద్దరు ఇదే సంగతి పట్టుకున్నారు: పక్కపక్కన ఆడటం చాలాసార్లు గుంపులోకి వెళ్లే దారి. నేరుగా వెళ్లి "నన్నూ ఆడించుకోండి" అని అడిగితే పిల్లలు తరచూ కాదనేస్తారు. పక్కన కూర్చుని వాళ్లు చేసేదే చేస్తూ ఉంటే లోపలికి వచ్చేస్తారు. మీవాడికి ఆ విద్య వచ్చు. అందుకు వాడికి కావలసినవి ఒకే ఒక్క తోడు, ఇసుక, తొందరపెట్టని టైము. హాలు నిండా పిల్లలు, కాసేపటి ఆట అంటే అవేవీ లేనట్టే.

2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఆట ద్వారానే చదువు అంటోంది. బల్లల దగ్గర గంటల తరబడి వర్క్‌షీట్లు దానికి సరిపడవు. ఈ మాట స్కూల్లో గొడవ పెట్టుకోవడానికి కాదు, అడగడానికి వాడుకోండి.

స్పీచ్_థెరపీ_గాజువాక రాశారు:

నా కన్ను 5.49 దగ్గర ఆగింది. వెనక నుంచి అడిగితే కదల్లేదు, ముందుకొచ్చాక నోటి వైపు చూసి ఇచ్చాడు. అమ్మా, తరచూ జలుబు చేస్తుందా? రాత్రి నోరు తెరిచి పడుకుంటాడా? టీవీ సౌండ్ పెంచమంటాడా? "ఆఁ? ఏంటి?" అని ఎక్కువగా అంటాడా?

సీతమ్మధార_నాన్న రాశారు:

అలల హోరులో నాకే వినిపించదు మేడమ్. అంతదాకా ఎందుకు, ఆటలో మునిగిన ఏ పిల్లాడూ ఒక్క పిలుపుకి పలకడు.

స్పీచ్_థెరపీ_గాజువాక రాశారు:

ఒప్పుకుంటాను, బీచ్ ఒక్కటే అయితే నేనూ పట్టించుకోను. కానీ స్కూల్లోనూ "పిలిస్తే పలకడు" అన్నారు. ఈ వయసు పిల్లల్లో జలుబుతోపాటు చెవి పరదా వెనక నీరు చేరడం చాలా మామూలు. నొప్పి ఉండదు, చీము కారదు, అందుకే ఎవరికీ అనుమానం రాదు. నీళ్లలో మునిగి వింటున్నట్టు ఉంటుంది వాళ్లకి. ఒకరోజు బాగా వినిపిస్తుంది, ఒకరోజు వినిపించదు, దాంతో పెద్దవాళ్లు "కావాలనే వినడు" అనుకుంటారు. నిశ్శబ్దంగా ఉండే ఇంట్లో ఒక్కరితో బాగానే మాట్లాడి, గోలగా ఉండే హాల్లో తప్పిపోతారు.

ఉక్కునగరం_నానమ్మ రాశారు:

వెనకనుంచి చాక్లెట్ కాగితం చప్పుడు చేసి చూడమ్మా, తెలిసిపోద్ది.

స్పీచ్_థెరపీ_గాజువాక రాశారు:

నానమ్మగారూ, దానికి తిరుగుతారండీ, అదే చిక్కు. వినికిడి కొంచెమే తగ్గినప్పుడు ఇంటి పరీక్షలన్నీ పాసైపోతారు. ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర చూపించి ఆడియాలజిస్ట్‌తో, అంటే వినికిడి నిపుణులతో, పరీక్ష చేయించండి. పరదా ఎలా కదులుతోందో చూసే టింపనోమెట్రీ నిమిషాల్లో అయిపోతుంది, నొప్పి ఉండదు. ప్రైవేటుకి వెళ్లలేనివాళ్ల కోసం కూడా చెబుతున్నా: 2013 నుంచి ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమ్) అనే ప్రభుత్వ పథకం ఉంది. అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో పిల్లలకి ఉచితంగా స్క్రీనింగ్ చేస్తారు. ఎదుగుదల ఆలస్యం, వినికిడి లోపం అందులో భాగమే. అనుమానముంటే పై కేంద్రానికి పంపుతారు.

పెందుర్తి_అంగన్‌వాడీ రాశారు:

అవునండీ, మా దగ్గరికి డాక్టర్ల బృందం వస్తుంది. ఆ రోజు పిల్ల బడికి రాకపోతే తప్పిపోతుంది, అందుకే అమ్మలకి ముందే చెప్పి పెడతాను. అలాంటప్పుడు కూడా నా కవర్లో కాగితాలే దిక్కు. డాక్టర్ అడిగితే "బాగా లేదండీ" అనకుండా, తేదీలతో చూపించొచ్చు.

కంచరపాలెం_బాబాయ్ రాశారు:

మా మనవరాలికి ఫోన్ ఇస్తేగానీ అన్నం దిగదు. దాన్ని కూడా గమనించి రాయాలా?

ఉక్కునగరం_నానమ్మ రాశారు:

రాయండి. ఎడమ పక్క "తాత ఫోన్ ఇచ్చాడు" అని రాయండి.

స్పీచ్_థెరపీ_గాజువాక రాశారు:

😀 ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో మూడు, నాలుగేళ్ల పిల్లలకి చెప్పింది ఇదీ బాబాయ్ గారూ: స్క్రీన్ ముందు కూర్చోవడం రోజుకి గంట దాటకూడదు, తక్కువైతే ఇంకా మంచిది. ఒళ్లు కదిలే ఆటలు కనీసం మూడు గంటలు, అందులో ఒక గంట చెమట పట్టేలా. నిద్ర 10 నుంచి 13 గంటలు.

మద్దిలపాలెం_అమ్మ రాశారు:

ఆలస్యానికి సారీ. చెవులు చూపించాం. కుడి చెవి పరదా వెనక నీరు ఉందన్నారు, ఎడమది బాగానే ఉంది. జలుబుకి మందులిచ్చి, ఇది చాలామందిలో దానంతట అదే తగ్గుతుంది, మూడు నెలలు చూసి మళ్లీ పరీక్ష చేద్దాం అన్నారు. ఈలోపు ఎదురుగా కూర్చుని మాట్లాడమన్నారు, స్కూల్లో టీచర్‌కి దగ్గరగా, ఎడమ చెవి అటువైపు ఉండేలా కూర్చోబెట్టమన్నారు.

మా ఆయన "చూశావా, ఏదో ఉందన్నానా" అన్నారు. మా అత్తగారు "చెవిలో నీరే కదా, నేనేమన్నాను" అన్నారు. ఇద్దరూ గెలిచారు.

సీతమ్మధార_నాన్న రాశారు:

సంతోషం. అయినా ఒక మాట. చెవి సంగతి తేలింది కదా అని మిగతాది వదిలేయకండి. పిల్లల డాక్టర్ దగ్గర ఆ ఎదుగుదల స్క్రీనింగ్ కూడా ఒకసారి చేయించేయండి.

స్పీచ్_థెరపీ_గాజువాక రాశారు:

ఈసారి నేను సీతమ్మధార గారి పార్టీ. ఒక చెవిలో నీరుంటే హాల్లో పలకకపోవడానికి కారణం కొంత దొరికినట్టే, కానీ మొత్తం దానికే అంటగట్టకూడదు. కొత్త బడి, కొత్త భాష, వాడి నెమ్మది స్వభావం, అన్నీ కలిసి ఉండొచ్చు. స్క్రీనింగ్ చేయించండి, నోట్‌బుక్ ఆపకండి. చెవి తగ్గాక హాల్లో ఎలా ఉన్నాడో పోల్చడానికి ఇప్పటి పేజీలు కావాలి.

బాలవిద్య_మాస్టారు రాశారు:

ఆ కొత్త టీచరమ్మని ఒకటి అడిగి చూడండి. రోజూ స్నాక్స్‌కి ముందే, హాలు నిండకముందు, మీవాణ్ణి ఇంకో నెమ్మది పిల్లతో ఆ బస్సు దగ్గర వదలమనండి. పెద్దవాళ్లు "కలిసి ఆడుకోండి" అనకూడదు. బస్సు ఒకటి, టికెట్లకి కాగితాలు బోలెడు.

మద్దిలపాలెం_అమ్మ రాశారు:

అడిగాను. సరేనంది, ఇద్దరు కాదు ముగ్గురవుతారు, పర్లేదా అంది. మొదటి రోజు ఏమైందో ఆమే చీటీ రాసి డబ్బాలో పెట్టి పంపింది: "మీ బాబు డ్రైవర్ సీటు ఇవ్వనన్నాడు. ఇంకో బాబు ఏడ్చాడు. పాప వెనక సీట్లో నిద్రపోయినట్టు పడుకుంది." సంతోషించాలో, బాధపడాలో తెలియలేదు.

పెందుర్తి_అంగన్‌వాడీ రాశారు:

సంతోషించండమ్మా, గొడవ పడాలన్నా ఇంకొకరు ఉండాలిగా. ఇంకో బస్సు పెట్టమనకండి. స్టీరింగ్‌కి ఓ పళ్లెం ఇచ్చి చూడమనండి.

డిప్లొమా_విద్యార్థిని రాశారు:

మద్దిలపాలెం అక్కా, మీ బీచ్ నోట్స్ నా ఫైల్‌లో ఉదాహరణగా పెట్టుకోవచ్చా? పేరు ఎలాగూ లేదు.

మద్దిలపాలెం_అమ్మ రాశారు:

పెట్టుకోమ్మా. కానీ మద్దిలపాలెం అని రాయకు, స్కూల్ సంగతి, చెవి సంగతి తీసెయ్యి. ఆ పాప వాళ్ల అమ్మని నేను అడగలేదు, కాబట్టి "ఇంకో పాప" అని మాత్రమే ఉంచు.

బాలవిద్య_మాస్టారు రాశారు:

వయసు "మూడున్నర" అని రాయకమ్మాయ్. 3 సంవత్సరాల 5 నెలలు అని రాయి. ఫైల్ దిద్దేవాళ్లు మొదట చూసేది అదే.